రెండు జానల తారు

విచారణ ముగించే ముందు పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇంకెవరైనా చెప్పాల్సింది ఉందా?" అని అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను. గదిలో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ తారు మేస్త్రీ కూడా తిరిగాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను అన్నది ఇది: "సార్, కాగితాలు ఎగురుతున్నయ్. ఫ్యాన్ కొంచెం తగ్గించనా?"

తగ్గించాను కూడా. మూడు నుంచి రెండుకు. కరెంటు విభాగం మనిషిని కదా, ఆ మాత్రం బాధ్యత ఉంటుంది. మరో ఐదు నిమిషాల్లో విచారణ అయిపోయింది. ఒక మనిషి పని పోయింది. పనితో పాటు పేరూ పోయింది.

ఆ రోజు మింగేసిన మాటను ఇప్పుడు రాస్తున్నాను. నాకు నలభై ఎనిమిదేళ్లు. స్తంభాలు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగి, అందరికంటే ముందే ఉద్యోగం నుంచి తప్పుకున్నాను. కొత్తగా స్క్రూడ్రైవరు పట్టుకున్న తమ్ముళ్లు ఇది చదువుతారని ఆశ. చదివి నా మీద నవ్వుకుంటే అభ్యంతరం లేదు. నవ్వదగిన పనులు చాలానే చేశాను. కానీ చివరిదాకా చదవండి.

అరవయ్యవ దశకం చివరి మాట ఇది. దబీర్‌పురా స్టేషనుకు అవతల నాలా పక్కన ఒక పల్లపు గల్లీ ఉంది. వాన పడిందంటే చుట్టుపక్కల నీళ్లన్నీ దావత్‌కు పిలిచినట్టు అక్కడికే వచ్చేవి. ఆ నీళ్లు తోడి నాలాలో పోయడానికి మా శాఖ చిన్న పంపుహౌసు కట్టింది. హైదరాబాదులో పునాది తవ్వితే మామూలుగా నాలుగు గడ్డపార పోట్లకే బండ తగులుతుంది. అక్కడ మాత్రం తగల్లేదు. కింద మూసీ ఎప్పుడో తెచ్చి పోసిన ఒండ్రు, దాని మీద ఊరు రోజూ తెచ్చి పోసిన బూడిద, పెంకులు, పేడ. అలాంటి మట్టి మీద గోడ నిలవదు. అందుకని పొడుగాటి ఇనుప దూలాలను నిలువునా నేలలోకి దిగ్గొట్టి, వాటి తలల మీద గచ్చు వేసి, గచ్చు మీద పంపును కూర్చోబెట్టారు. ఆ దూలాలనే పైల్స్ అంటాం. మొత్తం ఎనిమిది. ఒక్కొక్కటి ఇరవై అడుగుల పొడవు. పైకి కనిపించేది మూడడుగులే.

వాటికి తుప్పు పట్టకుండా తారు పూసే పని మేస్త్రీది. అప్పటికి ఆయనకు నలభై దగ్గర పడుతున్నాయి. సన్నటి మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ నలుపే. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు మాత్రం తెల్ల చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకునేవాడు. ఏళ్ల తరబడి మా శాఖలో రోజుకూలి మస్టరు మీద పనిచేస్తున్నాడు. పర్మనెంట్ చేస్తారని ఏటా అనేవాళ్లు. ఏటా ఆయన ఆ గుండీలు పెట్టుకునే చొక్కా ఇస్త్రీ చేయించి ఆఫీసుకు వచ్చి కనుక్కుని వెళ్లేవాడు.

తారును డ్రమ్ములో కాచి అందులో కొంచెం సున్నం కలపడం ఆయన అలవాటు. మిగతావాళ్లకు అంత ఓపిక ఉండేది కాదు.

"సున్నమెందుకు మేస్త్రీ, తాంబూలం కడుతున్నవా?" అన్నాను ఒకసారి.

"తారుల పులుపుంటది కరెంటు సారూ. గది ఇనుమును తింటది. సున్నమేస్తే గా పులుపు ఇరుగుతది," అన్నాడు కుంచె ఆపకుండా.

మట్టిలోకి పోయే భాగానికి రెండు సార్లు, మందంగా పూస్తున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. "గది మన్నుల పోతది గద. ఎవడు చూస్తడు?" అన్నాను.

"మన్ను చూస్తది సారూ," అన్నాడు.

ఆ మాటకు నవ్వాను. నా నవ్వుల జాబితాలో ఇది మొదటిది.

పైల్స్ దిగ్గొట్టారు, గచ్చు వేశారు, పంపు వచ్చింది. ఇక నా వంతు. మోటారు ఇనుప ఒంటికి ఎక్కడైనా కరెంటు తగిలితే, దాన్ని ముట్టుకున్న మనిషి పోకుండా ఆ కరెంటును నేలలోకి పంపే దారి ఒకటి ఉండాలి. దాన్నే ఎర్తింగ్ అంటాం. మన దగ్గర పద్ధతి మీకు తెలిసిందే. గుంత తవ్వి రాగి పలక నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి, తడి ఆరకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. నేల ఎంత బాగా కరెంటును లాగుతుందో మీటరు పెట్టి చూస్తాం. ముల్లు ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిది.

నా ముల్లు మాత్రం దిగనంది. ఎండాకాలం. పైమట్టి అంతా పెంకులు, పొడి బూడిద. సోమవారం పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. ఆదివారం పొద్దున ఒక్కడినే గుంత పక్కన గొంతుక్కూర్చుని మీటరు వైపు చూస్తున్నాను. అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. తమ్ముళ్లూ, ఒక్కరే ఉన్నప్పుడు వచ్చే గొప్ప ఆలోచనలతో జాగ్రత్త. రెండడుగుల దూరంలోనే నాలా వైపు పైల్స్ రెండున్నాయి. తడి మట్టిలోకి పదిహేడు అడుగులు దిగి ఉన్నాయి. అంతకన్నా మంచి ఎర్తింగ్ ఎక్కడ దొరుకుతుంది? నా రాగి పట్టీని వాటికి బిగిస్తే చాలు.

బిగించాలంటే ఇనుము మెరవాలి. మధ్యలో తారు ఉండకూడదు. గుంతను పైల్స్ దాకా పొడిగించి, నేల మట్టానికి రెండడుగుల కింద గీకడం మొదలుపెట్టాను. ఆ తారు వదలదే! ఆకురాయి పెడితే పళ్లన్నీ పూడుకుపోయాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, చాకుతో చెక్కి, మళ్లీ ఆకురాయి పట్టి, ఒక్కో పైలుకు జానెడు చొప్పున రెండు జానల మేర తారు తీయడానికి పూటంతా పట్టింది. మేస్త్రీ ఎంత గట్టిగా పూశాడో నా వేళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పక్కనే బర్రెల కొట్టం ఉంది. తాతల నాటి నుంచి పాల వ్యాపారం వాళ్లది. ఆ ఇంటామెను మేమంతా పాలక్క అనేవాళ్లం. ఆమె బిందె పట్టుకుని పోతూ నా చేతులు చూసి ఆగింది.

"ఏంది తమ్మీ, మేస్త్రీ పని నువ్వు జేస్తున్నవా? లేకుంటే ఆయన జేసింది తీస్తున్నవా?"

"ఎర్తింగ్ అక్కా. నీకు తెల్వదులే."

"గా చేతులతోని ఇంటికి వోతే నీ పెండ్లాం లోపలికి రానియ్యదు," అని లోపలికి వెళ్లి ఇంత వెన్నముద్ద తెచ్చి నా అరచేతిలో పెట్టింది. తారుకు వెన్నే మందని నాకు అప్పుడే తెలిసింది. రుద్దుకుంటే నలుపంతా జారిపోయింది. తారూ పోయింది, సాక్ష్యమూ పోయింది అనుకున్నాను. తప్పు. పాలక్క ఉంది.

పట్టీ బిగించి మీటరు పెడితే ముల్లు పడుకుంది. సోమవారం పెద్దసారు దాన్ని చూసి, "ఇలాంటి పెంకుల మట్టిలో ఇంత మంచి ఎర్తింగా! ఎలా సాధించావయ్యా?" అన్నారు. "ఉప్పు సార్," అన్నాను వినయంగా. పైల్స్ మాట ఎత్తలేదు. చిట్కా చెప్పేస్తే గొప్ప ఏముంటుంది? ఆ రోజు నుంచి డివిజన్‌లో నా పేరు ఉప్పు సారు. ఎక్కడ ముల్లు దిగకపోయినా నన్నే పిలిచేవాళ్లు. ఆ పేరు నాకు నచ్చేది కూడా.

నచ్చిన పేరును నిలబెట్టుకోవాలి కదా. ఆ గుంతను కన్నబిడ్డలా చూసుకున్నాను. వారానికోసారి బిందెడు నీళ్లు, ఆరునెలలకోసారి బస్తా ఉప్పు. అంత ఉప్పు అక్కర్లేదు. అయినా పోసేవాణ్ని.

"ఏం తమ్మీ, భూమికి తొక్కు వెడుతున్నవా?" అనేది పాలక్క.

ఆమె బర్రెల్లో నెత్తిన తెల్లమచ్చ ఉన్నది ఒకటుంది. అది గుంత మీది బండను మూతితో పక్కకు నెట్టి ఉప్పు నాకేది. తర్వాత గచ్చు కిందికి తల దూర్చి ఆ రెండు పైల్స్‌నే నాకేది. మిగతా ఆరింటి జోలికి పోయేది కాదు. నేను లొల్లి పెట్టేవాణ్ని.

"నీ బర్రెను కట్టెయ్ అక్కా, నా ఎర్తింగ్ ఖరాబైతది."

"నువ్వు నీ ఉప్పు దాసుకో. మా బర్రెను మంచం కోడుకు కడితే మంచం తోనే వస్తది."

ఆరో వానాకాలం. పంపు నడిపే ఆపరేటర్ భాయ్ ఒకరోజు చాయ్ సాసరును గచ్చు మీద పెట్టి నన్ను పిలిచాడు. "దేఖో సాబ్, చాయ్ ఏకీచ్ తరఫ్ జారీ." చూస్తే నిజమే. చాయ్ నాలా వైపు అంచుకు చేరి ఉంది. "సాసర్ వంకర భాయ్," అన్నాను. ఆయన ఇంకో సాసరు తెచ్చాడు. అదీ వంకరే అన్నాను. మూడోది తెచ్చేసరికి నాకు పని గుర్తొచ్చి వెళ్లిపోయాను.

మరుసటి వారం పెద్ద వాన పడింది. మధ్యాహ్నం పూట పంపు నడుస్తుండగా నాలా వైపు మూల జానెడు కుంగింది. పంపు పట్టేసింది. ఆపరేటర్ భాయ్ కిటికీలోంచి దూకి బతికాడు. గల్లీ మొత్తం నడుము లోతు నీళ్లు. పాలక్క వాళ్లు బర్రెలను స్టేషను రోడ్డు మీదికి తోలుకుపోయారు. బియ్యం డబ్బాలు తేలాయి, పరుపులు తడిశాయి. ప్రాణం ఎవరిదీ పోలేదు. కానీ ఇళ్లు మునిగిన జనం మా ఆఫీసు ముందుకొచ్చారు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

వాన తగ్గిన మర్నాడు అందరికంటే ముందు నేను వెళ్లాను. లైను తీసేశాను, జాగ్రత్త కోసం ఎర్తింగ్ కూడా విప్పాలని ఆపరేటర్‌తో అన్నాను. అలాంటి నియమం ఎక్కడా లేదు. గుంతలో చేయి పెట్టి, పైల్స్‌కు బిగించిన రెండు ఇత్తడి క్లాంపులు విప్పాను. ఒకటి తుప్పు ముద్దలో ఇరుక్కుని విరిగిపోయింది. రెండోది సంచీలో వేసుకున్నాను. రాగి పట్టీని వెనక్కి వంచి మట్టి కప్పేశాను. అప్పుడు నేను చూసింది ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ జానెడు మేర ఇనుము చెరకు నమిలి ఊసినట్టుంది.

గంటలో పెద్దసారు వచ్చారు, కూలీలు నాలుగడుగులు తవ్వారు. నీళ్లు ఊరుతుంటే అక్కడితో ఆపేశారు. రెండు పైల్స్ నడుమ సన్నబడి వంగి ఉన్నాయి. అక్కడ తారు జాడ లేదు. గీకిన చోట మొదలైన తుప్పు చుట్టుపక్కల తారును కూడా పొరలు పొరలుగా ఊడగొట్టింది. నేల పైన కనిపించే మూడడుగులకు మాత్రం తారు నిగనిగలాడుతోంది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? పెద్దసారు అన్నారు: "కంటికి కనిపించేదాకా పూశాడు. మట్టిలో పోయేది ఎవరు చూస్తారని వదిలేశాడు."

ఆరేళ్ల కింద నేను సరదాకి అన్న మాట. ఆయన నోట తీర్పైంది.

మేస్త్రీ గుంతలోకి దిగాడు. ఒక పైలు అంచున ఇంకా మిగిలిన తారు మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. ఒకచోట ఆ తారు గీత గీసినట్టు తిన్నగా ఆగిపోయింది. అక్కడ వేలు ఆగింది. తల ఎత్తి ఎవరి వైపూ చూడలేదు.

గట్టు మీద నిలబడ్డ పాలక్క మాత్రం ఊరుకోలేదు. "సారూ, గది ఉప్పు తోని వోయింది. మా బర్రె గా రెండు కట్టెలనే నాకుతది. మిగిలిన ఆరు ముట్టదు. గిప్పుడు ఇడిసిపెట్టమంటే ఇడిసిపెడ్త, మీరే సూడుండ్రి," అంది.

పెద్దసారు నవ్వారు. "అయితే బర్రె వాంగ్మూలం రాసుకోమంటావా?"

అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. పాలక్క నా ముఖం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది. వాటిని జేబుల్లో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో విచారణ. "ఎన్ని సార్లు పూశావు?" "రెండు మాట్ల సారూ." "మట్టిలోకి పోయే భాగానికి?" "గదానికే మందంగ పూసిన." "మరి ఏదీ తారు?" "పూసిన సారూ," అన్నాడు మేస్త్రీ మళ్లీ. అంతే. ఆ తర్వాత పెద్దసారు కళ్లజోడు తీయడం, ఆ ప్రశ్న అడగడం, నేను ఫ్యాన్ తగ్గించడం. అంతా మీకు ముందే చెప్పాను.

భయపడి చెప్పలేదని రాస్తే నా మీద జాలి కలుగుతుంది. నిజం అది కాదు. ఫోర్‌మన్‌గా నా పేరు పంపారు, అది పోతుందన్న బెంగ కొంత ఉంది. కానీ అసలు సంగతి గర్వం. ఉప్పు సారు ఎర్తింగ్ వెనక ఉన్నది పక్కవాడి తారు గీకిన పనేనని తెలిస్తే నవ్వుతారు. ఇంతకాలం నేను నవ్వినవాళ్లంతా నన్ను చూసి నవ్వుతారు. దానికి ఓర్చుకోలేకపోయాను. ఆ ఏడే పర్మనెంట్ జాబితాలో మేస్త్రీ పేరు వచ్చింది. పదకొండేళ్లకు వచ్చిన పేరును ఎర్రసిరాతో కొట్టేశారు. మస్టరు నుంచి కూడా తీసేశారు. గల్లీలో ఆయనకు పైపై మేస్త్రీ అని పేరు పడింది.

నెల తర్వాత ఆ రెండు పైల్స్ పీకారు. ఆ రోజు అక్కడ నేనూ, కూలీలూ ఉన్నాం. కింది పన్నెండు అడుగులు అక్కడక్కడా గీరుకుపోయినా తారు అలాగే ఉంది, కుంచె వెంట్రుకల గీతలతో సహా. ఆ సాయంత్రమే పెద్దసారు దగ్గరికి వెళ్లి చూపించి ఉండవచ్చు. చూపించకుండా వాటిని పాత ఇనుములోకి పంపించాను.

ఫోర్‌మన్‌ అయ్యాను. కొన్నేళ్లకు ఒక శిక్షణకు పంపారు. అక్కడ బోధించే ఆయన ఒక పాత టార్చిలైటు సెల్లు కోసి చూపించాడు. నడుమ బొగ్గు కడ్డీ, చుట్టూ ఉప్పులాంటి తడిముద్ద, బయట లోహపు తొడుగు. సెల్లు పనిచేసినంత కాలం ఆ తొడుగు తినబడుతూ ఉంటుందట. "తడి మట్టిలో రాగినీ ఇనుమునూ కలిపి కట్టినా ఇంతే. రాగి క్షేమంగా ఉంటుంది, ఇనుము కరుగుతుంది. ఇనుము మీది పూత ఒకచోట మాత్రమే పోయి ఉంటే మరీ అన్యాయం, తినేదంతా అక్కడే తింటుంది," అన్నాడు. నా పెన్ను ఆగిపోయింది. రాగి, బొగ్గు, ఉప్పు, వారం వారం నీళ్లు, గీకిన జానెడు ఇనుము. కరెంటు మనిషినై ఉండి ఆరేళ్ల పాటు ఒక పెద్ద సెల్లుకు స్వయంగా మేత వేసి పెంచాను, అది సెల్లని తెలియకుండా. పాలక్క బర్రెకు మాత్రం తెలిసింది.

అప్పటిదాకా, తారు గీకాను గానీ పైల్స్ వంగింది ఇంకెందుకో అని నన్ను నేను నమ్మించుకునేవాణ్ని. ఆ దారీ మూసుకుపోయింది. దబీర్‌పురా వైపు పని పడితే చుట్టూ తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. క్లాంపు మాత్రం ఇంట్లో మేకుల డబ్బాలో ఉంది. పారేయడానికి రెండు సార్లు తీసి, రెండు సార్లూ మళ్లీ లోపల పెట్టాను.

పోయిన ఎండాకాలం మా హుస్సేనీ ఆలం ఇంట్లో కూలర్ ట్రే తుప్పు పట్టి కారడం మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలాయన తారు పూస్తాడు, ఆయన పూస్తే పదేళ్లు చూడక్కర్లేదు అన్నారు. ట్రే పట్టుకుని వెళ్లాను. ఇనుప డ్రమ్ముల దుకాణాల వెనక సందులో, నిప్పు మీద చిన్న డబ్బా, దాని పక్కన మూకుడులో ఇంత సున్నం. సున్నం చూడగానే కాళ్లు ఆగాయి.

ఆయన జుట్టంతా తెల్లబడింది. చేతులు మాత్రం అలాగే నల్లగా ఉన్నాయి. నన్ను చూసి, "పెట్టి పోండ్రి. రేపు రాండ్రి," అన్నాడు. గుర్తుపట్టలేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు వెళ్లి ట్రే తీసుకున్నాను. వారం తర్వాత పక్కింటివాళ్ల ట్రే పట్టుకెళ్లాను. తర్వాత మా బావమరిది ట్రే. తర్వాత ఎదురింటివాళ్లది, వాళ్లు వద్దంటున్నా వినకుండా. మా వీధి కూలర్లన్నిటికీ తారు పట్టింది గానీ నా మాట బయటికి రాలేదు.

అయిదో ట్రే కింద పెట్టగానే మేస్త్రీ కుంచె డబ్బాలో నిలబెట్టాడు.

"ఇంకెన్ని మిగిలినయ్ కరెంటు సారూ? హుస్సేనీ ఆలం అంత అయిపోయినట్టుంది గద."

నేను ట్రే మీదే కూలబడ్డాను.

"చెప్పేదేందో చెప్పు. నువ్వు చెప్తే నేను వేరేటోళ్ల పని చూసుకుంట."

చెప్పాను. ఆదివారం, ఆకురాయి, కిరోసిన్, రెండు జానలు, క్లాంపులు, పీకిన పైల్స్, టార్చిలైటు సెల్లు. ఆయన మధ్యలో ఒక్కసారి లేచి నిప్పు తగ్గించాడు, మళ్లీ కూర్చున్నాడు.

"నీకు కోపం రాలేదా అన్నా?" అన్నాను చివరికి.

"నాకు గా దినమే ఎరుక. తారు ఊడిపోతే అంచు వంకరటింకర ఉంటది. గీకితే తిన్నగుంటది. గీకినోడు ఎవడో గూడ ఎరుకే. ఆడ ఆకురాయి పట్టేటోనివి నువ్వొక్కనివే."

"మరి చెప్పలేదేంది?"

"తారోడు చెప్తే ఎవడింటడు సారూ? నువ్వు చెప్తవని చూసిన. నువ్వు గొంతు సవరిస్తే, ఇగో చెప్తుండు అనుకున్న." ఆయన పెదవి ఒక పక్కకు వంగింది. "నువ్వు ఫ్యాన్ తగ్గించినవ్. గంతదాంక నాకు జర సల్లగ ఉండె, గది గూడ పోయె."

"తప్పైపోయింది అన్నా. మన్నించు."

"గీ సందుల నాకెందుకు చెప్తవ్? నాకు ఎరుకనే గద. ఎరుక లేనోళ్లు ఆడున్నరు." కుంచెతో మూసీ అవతలి వైపు చూపించాడు. "నేను ఇంకా గా గల్లీలనే ఉంటున్న. ఇయ్యాల్టికి గూడ పైపై మేస్త్రీ అనే పిలుస్తరు. నా బిడ్డ అత్తగారింటోళ్లు గూడ నవ్వుతరు. ఆదివారం చర్చి ఇడిసినంక అందరు పాలక్క కొట్టం ముంగటికెంచే పోతరు. ఆడికి రా."

దానికి ముందురోజు, శనివారం, నేను మా పాత ఆఫీసుకు వెళ్లి ఒక కాగితం రాసిచ్చాను. గుమాస్తా బీరువా వెతికి, ఆ విచారణ ఫైలు చెదలు తిన్నాయని చెప్పాడు. ఏ ఫైలుకు దీన్ని జతచేయాలో తెలియక నా కాగితాన్ని తిరిగి నా చేతికే ఇచ్చాడు. ఇనుమును నేను తిన్నాను, కాగితాన్ని చెదలు తిన్నాయి. ఇక మిగిలింది గల్లీయే.

ఆదివారం క్లాంపు జేబులో వేసుకుని వెళ్లాను. విచారణ జరిగిన పద్నాలుగేళ్ల తర్వాత. పంపుహౌసు కొత్త పునాది మీద నిలబడి ఉంది. పాలక్క తల నెరిసింది, గొంతు నెరవలేదు.

"అబ్బో, ఉప్పు సారు! మా బర్రె సచ్చిపోయి పదేండ్లాయె. గిప్పుడొస్తివా, దాని వాంగ్మూలం రాసుకోనీకి?"

మేస్త్రీ తెల్ల చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకుని ఉన్నాడు. ఆయన భార్య, కూతురు, వియ్యాలవారు, చర్చి నుంచి వస్తున్న జనం ఏదో గొడవనుకుని ఆగారు. ఆపరేటర్ భాయ్ కూడా ఎక్కడి నుంచో స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. "క్యా హువా సాబ్? ఫిర్ సాసర్ వంకర్ హో గయా?" అన్నాడు.

క్లాంపు తీసి మేస్త్రీ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పాడు. లోపలి అంచున, ఇత్తడికీ మరమేకుకీ మధ్య, నేను బిగించినప్పుడు నలిగి అతుక్కున్న తారు ఇంకా ఉంది. బొటనవేలి గోరుతో గీరాడు. నలుపులో సన్నటి తెల్లటి చుక్క కనిపించింది.

"నా సున్నం," అన్నాడు మెల్లగా. దాన్ని భార్యకిచ్చాడు. ఆమె కూతురికిచ్చింది. అది చేతులు మారుతూ వియ్యాలవారి దాకా పోయింది.

నేను గొంతు సవరించుకున్నాను. అందరూ నా వైపు తిరిగారు. సరిగ్గా ఆనాడు తిరిగినట్టే. మాట నాలుక చివర ఆగింది.

మేస్త్రీ తల పైకెత్తి ఆకాశం వైపు చూసి, మళ్లీ నన్ను చూశాడు.

"ఈడ ఫ్యాన్ లేదు సారూ. చెప్పు."

చెప్పాను. కానీ నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగ చెప్పు తమ్మీ," అని కొట్టం గుమ్మంలోంచి పాలక్క అరిచింది, "ఎనకున్నోళ్లకు ఇనబడ్తలేదు. గా దినం చేతులు కడుక్కోనీకి నా వెన్న తీస్కున్నవ్. దానికన్న గట్టిగ చెప్పు!"

నవ్వారు జనం. నా మీదే. ఓర్చుకోలేననుకున్న నవ్వు అదే. ఓర్చుకున్నాను. నవ్వు ఆగాక, గల్లీ చివరిదాకా వినపడేలా మళ్లీ చెప్పాను:

"మేస్త్రీ మన్నులకు పోయేదానికి గూడ తారు పూసిండు. రెండు మాట్ల పూసిండు. గీకింది నేను. ఉప్పు పోసింది నేను. మీ ఇండ్లు మునిగింది నా వల్ల, ఆయన పని పోయింది నా వల్ల. చెప్పేటి మోఖా ఇస్తే చెప్పకుండ ఫ్యాన్ తగ్గించింది నేను. తప్పు నాది అన్నా. అందరి ముంగట చెప్తున్న, నన్ను మన్నించు."